పంటకు ఊరు, వానకు లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



పంటకు పుట్టినూరనునది లేదు. నీరు, ఎండ, నేల ఎచట అనుకూలించునో అదియే దాని ఊరు. ఇందల్వాయి రైతునకు ఇందులకు దూరపు నిదర్శన మక్కరలేదు. 1931లో మంజీరపై నిజాంసాగరము పూర్తి కాగా, కాలువ వెంట చెరకు వచ్చెను. 1937లో బోధనునందు చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. 2015లో అది మూతపడెను. చెరకు తరిగెను, వరి పెరిగెను. అచట చెరకును తొలగించినది ఎండ కాదు. అయినను, ఆధారము కదలిన పంట నిలువదని ఆ కథ తెలుపుచున్నది.

ఇపుడు కదలుచున్న ఆధారము వాతావరణము. 1850–1900 నాటితో పోల్చగా 2011–2020 నాటికి భూతలము సగటున 1.1 డిగ్రీలు వేడెక్కెను. అంకె చిన్నదే. కాని వరి పూతవేళ ఎండ 35 డిగ్రీలు మించినచో పుప్పొడి చెడి గింజ తాలగును. రాత్రి ఉక్క సైతము నష్టకరమే. ఫిలిప్పీను దేశమందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలములలో, ఎండకారు రాత్రి వేడిమి ఒక డిగ్రీ పెరిగినచో దిగుబడి పదవవంతు తగ్గినట్లు 2004లో ప్రకటింపబడెను.

వాన తీరును అట్లే మారుచున్నది. 2023 జూలైలో ఈ జిల్లా వేల్పూరున ఒక్క దినముననే 40 సెంటీమీటర్లకు పైగా కురిసెను. మరుసటి ఆగస్టులో, దేశమంతటి సగటున, 1901 మొదలు ఏ ఆగస్టునను లేనంత తక్కువ వాన పడెను. మొత్తము చూచిన వాన చాలినట్లే తోచును. తేదీలు చూచిననే పైరు గతి తెలియును. నీరు నిలిచిన పసుపు దుంప కుళ్లును. పూతవేళ తడి అందని మక్క కంకి గింజ పట్టదు.

దక్షిణ ఇంగ్లండున ద్రాక్షతోటలు విస్తరించుచున్నవి. ఇచటనో, చెలకలలో జొన్న, కంది వంటి తక్కువ నీటి పైర్లకు మరల చోటు కలుగవచ్చును. వరి చెరువు క్రిందికే జరుగవచ్చును.

ఈ నిర్ణయము ఊహతో చేయదగినది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున, ధాన్యపు కొఠారు వద్ద వాన కొలుచు పాత్ర నుంచుమనియు, వాన చూచియే ఎక్కువ నీటి పైరో తక్కువ నీటి పైరో వేయింపుమనియు విధించెను. శిస్తు లెక్కతోపాటు రాజునకు వాన లెక్కయు కావలసెను. అప్పు తెచ్చి విత్తు రైతునకు అది మరింత అవసరము.

కావున గ్రంథాలయ ఆవరణమున ఒక వానకొలత పాత్రయు, లోపల ఒక లెక్కపుస్తకమును ఉండవలెను. వాన, విత్తు, నాటు, పూత, దిగుబడి తేదీలతో వ్రాయవలెను. స్వర్ణోత్సవము నాటికి 25 ఏండ్ల లెక్క చేతికి వచ్చును. అపుడు రైతు పొరుగువాడు వేసెనని కాక, లెక్క చూచి విత్తును.

స్వస్తి.