నలుగురూ ఉంటేనే పాట

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభలో పూర్వ విద్యార్థి మైకు పట్టుకుంటే గురువుల గొప్పతనం గురించో, చిన్ననాటి అల్లరి గురించో చెబుతాడని అందరూ అనుకుంటారు. ఆ రెండూ నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇంతకుముందే చెప్పారు. నేను మెకానికల్ ఇంజనీర్ని. ఇనుప రేకును ప్రెస్సు కింద పెట్టి అచ్చు వేయించడం నా వృత్తి. అందుకని నా వృత్తికి, ఈ సభకు రెండింటికీ సంబంధం ఉన్న ఒక పాటల ఆల్బమ్ గురించి చెబుతాను. దాని పేరే ‘రీయూనియన్’. మళ్లీ కలవడం అని అర్థం. వాయించింది బ్లాక్ సబ్బాత్ అనే ఇంగ్లండు బృందం. హెవీ మెటల్ సంగీతానికి ఆద్యులుగా లోకం ఒప్పుకున్నవాళ్లు. ముందు వరుసలో కూర్చున్న మా సార్లు కంగారుపడనక్కర్లేదు, నేను పాడను.

వీళ్లది బర్మింగ్‌హామ్. ఫ్యాక్టరీల ఊరు. అందులో ఆస్టన్ అనే కార్మికుల పేట. మన వరంగల్ వాళ్లకు ఆ వాతావరణం విడమరిచి చెప్పక్కర్లేదు. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు సైరన్ విని పొయ్యి మీద ఎసరు పెట్టిన ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్లు వీళ్లు. పాడేది ఆజీ ఆస్బోర్న్, గిటారు టోనీ అయోమీ, బేస్ గిటారు గీజర్ బట్లర్, డ్రమ్ములు బిల్ వార్డ్.

అయోమీకి పదిహేడేళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. పాటల బృందంతో వెళ్లిపోదామని ఆ ఉద్యోగం మానేశాడు. ఆ రోజే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్లనంటే, పట్టిన పని పూర్తి చేసి రావాలని తల్లి తిరిగి పంపింది. ప్రెస్సు మీద పని చేయాల్సిన మనిషి రాలేదని, అలవాటు లేని ఇతన్ని దాని ముందు నిలబెట్టారు. కుడి చేతి నడిమి వేలు, ఉంగరపు వేలు కొసలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడి చేతి వేళ్లతోనే. ఈ రోజు మా షాపులో రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితే తప్ప ప్రెస్సు కిందికి దిగదు. అలాంటి ఏర్పాటు ఎందుకని కొత్తగా చేరిన కుర్రాళ్లు అడిగితే నేను అయోమీ కథ చెబుతాను.

ఇక గిటారు వాయించలేవన్నారు డాక్టర్లు. అప్పుడు ఆ ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఇంటికి వచ్చి జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. అగ్నిప్రమాదంలో ఎడమ చేయి దెబ్బతిని, రెండు వేళ్లతోనే స్వరాలు పలికించిన మహానుభావుడు జాంగో. అయోమీ లేచాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి, వేళ్లకు తొడుగులు చేసుకుని, పట్టు జారకుండా వాటికి తోలు అతికించాడు. మామూలు తీగలు ఆ వేళ్లకు గట్టిగా ఉన్నాయని సన్నటి బాంజో తీగలు వేసుకున్నాడు. 1971లో వచ్చిన మూడో ఆల్బమ్ నాటికి తీగల శృతి కూడా దించేశాడు. హార్మోనియం మీద నల్ల మెట్లు, తెల్ల మెట్లు కలిపి లెక్కపెడితే మూడు మెట్లు కిందికి. లెక్క వేసి చూడండి, అంత దించితే తీగ బిగువు దాదాపు 30 శాతం తగ్గుతుంది. వేలికి నొప్పి తగ్గింది. దానితో పాటు నాదం బరువెక్కింది. తర్వాత వచ్చిన వందలాది బృందాలు అనుకరించిన ఆ ముదురు ధ్వనికి పునాదిలో ఒక కార్మికుడి గాయం ఉంది.

మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. అప్పటికి వాళ్లకు ఇరవై, ఇరవై ఒకటి. తొమ్మిదేళ్లు తిరిగేసరికి పేరు, డబ్బు, తాగుడు, మత్తుమందులు అన్నీ వచ్చి పడ్డాయి. 1979లో ఆజీని బృందం నుంచి తీసేశారు. ఆ తర్వాత నలుగురూ ఒకే వేదిక మీద కనిపించింది బహు అరుదు. 1985లో ఫిలడెల్ఫియాలో ‘లైవ్ ఎయిడ్’ కచేరీలో ఒకసారి, 1992లో ఆజీ కచేరీ చివర ఇంకోసారి.

1997 వేసవిలో మళ్లీ కలుస్తున్నామన్నారు. కానీ వచ్చింది ముగ్గురే. డ్రమ్ముల దగ్గర బిల్ వార్డ్ బదులు వేరే బృందం నుంచి మైక్ బోర్డిన్ అనే మంచి వాయిద్యకారుడు కూర్చున్నాడు. మైదానాలు నిండాయి. అక్కడితో ఆగిపోయినా వాళ్లను అడిగేవాళ్లు లేరు. అయినా ఆ డిసెంబర్ 4, 5 తేదీల్లో సొంత ఊరు బర్మింగ్‌హామ్‌లో, ఎన్.ఇ.సి. అరీనాలో, నలుగురూ ఎక్కారు. ఆ రెండు రాత్రుల రికార్డింగే ‘రీయూనియన్’. 1998 అక్టోబర్‌లో రెండు సీడీలుగా వచ్చింది. వేదిక మీది పాటలు 16, కొత్తగా స్టూడియోలో చేసినవి 2.

మొదటి రాత్రికి ముందు రోజే ఆజీకి 49 ఏళ్లు నిండాయి. మిగతా ముగ్గురిదీ కాస్త అటూ ఇటూగా అదే వయసు. అంటే ఇక్కడున్న మా బ్యాచ్ కంటే నాలుగైదేళ్లు చిన్నవాళ్లు. ఆ రికార్డు విన్నప్పుడల్లా నాకు ధైర్యం వచ్చేది అందుకే. ఆజీ గొంతు ఇరవై ఏళ్ల కుర్రాడి గొంతు కాదు. పై స్థాయిలో అక్కడక్కడా అరిగింది. అది దాచుకోలేదు. గొంతు అందని చోట జనం అందుకుంటారు. ఇరవై ఏళ్లప్పుడు ధైర్యంగా కోపంగా పాడిన పాట, నలభై తొమ్మిదేళ్లకు అదే మాటలతో, బతికి బయటపడ్డవాడి మాటలా వినిపిస్తుంది. అందులోని ‘ఐరన్ మ్యాన్’ పాటకు 2000లో గ్రామీ అవార్డు వచ్చింది. పాట పుట్టింది 1970లో. ముప్పై ఏళ్ల తర్వాత, ముదిరిన చేతులతో వాయించినదానికి దక్కింది వాళ్ల మొదటి గ్రామీ.

ఇక డ్రమ్ముల సంగతి. బిల్ వార్డ్ చిన్నప్పటి నుంచి జాజ్ విని పెరిగినవాడు. అతని దెబ్బ గడియారం ముల్లులా పడదు, ఊగుతూ పడుతుంది. మేడారం జాతర తోవలో డప్పు విన్నవాళ్లకు ఇది తెలుసు. ఒకే వాడలో పెరిగి ఏళ్ల తరబడి కలిసి కొట్టిన నలుగురి డప్పులో, లెక్కకు దొరకని సందు ఒకటి ఉంటుంది. వేరే ఊరి నుంచి ఎంత గొప్ప కళాకారుణ్ని తెచ్చి కలిపినా తాళం తప్పదు గాని, ఆ సందు మాత్రం మూసుకుపోతుంది. ‘రీయూనియన్’లో అది తెరుచుకునే ఉంది.

ఆల్బమ్ రాకముందే, 1998 మేలో, యూరప్ పర్యటనకు సాధన చేస్తుండగా వార్డ్‌కు గుండెపోటు వచ్చింది. కోలుకున్నాడు. 2011లో నలుగురూ మళ్లీ కలుస్తున్నామని ప్రకటించారు గాని, ఒప్పందం కుదరక వార్డ్ తప్పుకున్నాడు. 2013లో ‘13’ అనే ఆల్బమ్ అతను లేకుండానే వచ్చింది, ఇంగ్లండులోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి చేరింది. 2017 ఫిబ్రవరి 4న వీడ్కోలు కచేరీ చేశారు. అదే ఊరు. పేరు మారినా అదే అరీనా. దాన్నీ రికార్డు చేసి విడుదల చేశారు. డ్రమ్ముల దగ్గర వార్డ్ లేడు. రెండు రికార్డులూ నా దగ్గర ఉన్నాయి. రెండోదానిలో తప్పు వెతికినా దొరకదు. నేను తరచుగా పెట్టుకునేది మాత్రం మొదటిదే.

కథ అక్కడితో అయిపోలేదు. 2025 జూలై 5న, వాళ్లు పెరిగిన ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ మైదానంలో నలుగురూ కలిశారు. ఇరవై ఏళ్ల తర్వాత వార్డ్ వచ్చాడు. పార్కిన్సన్ జబ్బుతో ఆజీ నిలబడలేని స్థితి. సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. బృందంగా వాయించినవి నాలుగే పాటలు. సరిగ్గా పదిహేడు రోజులకు, జూలై 22న, ఆజీ కన్నుమూశాడు. ఇంకో నెల ఆలస్యమై ఉంటే ఆ నలుగురు మళ్లీ నలుగురయ్యేవాళ్లు కాదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మన సంఘం ముందు ఇప్పుడొక పని ఉంది. పూర్వ విద్యార్థుల డైరెక్టరీ వేద్దామనుకుంటున్నాం. దానికి ఆధారంగా పదో తరగతి పాసైనవాళ్ల జాబితా తీసుకున్నారు. సులువైన పద్ధతే. కానీ మా బ్యాచ్‌లో ఆరో తరగతిలో చేరినవాళ్లందరూ పది దాకా రాలేదు. ఒకతను ఎనిమిదిలో తండ్రి పోతే బడి మానేసి బస్తాలు మోసే పనికి పోయాడు. జెండా పండుగ నాడు మా అందరి అడుగులు కలిపిన డ్రమ్ము అతనిదే. పెళ్లి చేసి పంపేసిన ఆడపిల్లలు ఉన్నారు. ఫెయిలై మళ్లీ ఈ గేటు తొక్కనివాళ్లు ఉన్నారు. వాళ్లెవరూ ఆ జాబితాలో ఉండరు. ఈ రోజు ఈ హాల్లోనూ లేరు. సభకు లోటేమీ కనిపించదు. 1997 వేసవిలో మైదానాలు కూడా అలాగే నిండాయి.

అందుకని నా మనవి ఒకటే. డైరెక్టరీని పాస్ జాబితా నుంచి కాకుండా అడ్మిషన్ రిజిస్టర్ నుంచి మొదలుపెడదాం. హెడ్‌మాస్టర్ గారు అనుమతిస్తే, ఆ పాత రిజిస్టర్లు చూసి పేర్లు రాసే పని మా బ్యాచ్ తీసుకుంటుంది. ప్రతి బ్యాచ్ తమ పేర్లు తాము వెతకాలి. ఫోన్ నంబరు దొరక్కపోతే ఇంటికి పోవాలి. చందా అడగొద్దు, ఏం చేస్తున్నావని ఆరా తీయొద్దు. నువ్వు మా క్లాసువాడివి, రమ్మని పిలవాలి. రావడం రాకపోవడం వాళ్ల ఇష్టం. పిలవడం మన పని.

యాభై దాటినవాళ్లం. వచ్చే ఏడాదికి అని వాయిదా వేసే వయసు కాదు మనది. వచ్చే ఆదివారం ఉదయం పదింటికి నేను ఆఫీసు గది దగ్గర ఉంటాను. కళ్లజోడు తెచ్చుకోండి, ఆ రిజిస్టర్లలో రాత చాలా సన్నం.