అడగడం నేర్చుకుందాం
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లీషు గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘంవారు మమ్మల్ని కోరారు. మేము పండితులం కాము. సాయంత్రంపూట పిల్లలను కూర్చోబెట్టుకొని మాకు తెలిసింది చెప్పేవాళ్ళం, అంతే.

మన చిలమత్తూరువాళ్ళకు భాషంటే భయమెందుకో మాకు అర్థం కాదు. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, బాగేపల్లిలో దిగితే కన్నడం. బడి మొహం చూడనివాళ్ళు కూడా మూడు భాషల్లో బేరమాడతారు. నాలుగోది మాత్రం ఎందుకు రాదు? బెంగళూరు రోడ్డు మన కొడికొండ చెక్‌పోస్టు మీదుగానే పోతుంది. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల తయారీ మొదలైంది. మన పిల్లల చేతిలో పని ఉంది, నోట్లోనే మాట లేదు.

ఆ మధ్య మా బంధువులలో ఒక తల్లి బిడ్డను తీసుకొని పట్నంలో ఒక ఆసుపత్రికి పోయింది. చీటీ అంతా ఇంగ్లీషు. నర్సమ్మ గబగబా ఏదో చెప్పింది. ఈమె తల ఊపి వచ్చేసింది. తిన్న తర్వాత ఇవ్వాల్సిన మాత్రలు పరగడుపున ఇచ్చింది. రెండు రోజులు బిడ్డకు ఒకటే వాంతులు. "అడగలేదేమమ్మా?" అంటే, "ఎట్ల అడగాలో తెలీలేదు భయ్యా, నవ్వుతారేమో అని ఊరుకున్యా" అంది. ఆమెకు కావలసినవి రెండే మాటలు: "ఆఫ్టర్ ఫుడ్?" గొంతు చివర కొంచెం పైకి లేపితే చాలు, అదే ప్రశ్న. వ్యాకరణం అక్కరలేదు.

ఇంగ్లీషువాళ్ళూ ఇంట్లో ఇట్లాగే అడుగుతారు. "ఆర్ యు కమింగ్?" అని పుస్తకంలో ఉంటే, స్నేహితుడితో "యు కమింగ్?" అంటారు. "టీ?" అంటే టీ తాగుతావా అని. మనం తెలుగులో "వచ్చినావు"కు దీర్ఘమిచ్చి "వచ్చినావా" అంటాం. దక్కనీలో చివర "క్యా" తగిలిస్తాం. ఇంగ్లీషులో ముందు "డిడ్" వస్తుంది, వచ్చినాక "కేమ్" పోయి "కమ్" అవుతుంది. పిల్లలు "డిడ్ యు కేమ్" అనేది ఇక్కడే. జరిగిపోయిన కాలాన్ని "డిడ్" మోస్తున్నప్పుడు ఇంకొకరు మోయనక్కరలేదని చెబితే వాళ్ళకు ఇట్టే తెలిసింది.

మన "కదా", దక్కనీ "నా" ఉన్నాయే, వాటి బదులు మనవాళ్ళు అన్నిటికీ "ఈజంటిట్" అంటారు. దొరల పద్ధతి వేరు. మనిషిని బట్టి "ఈజంట్ హీ", "ఆరంట్ యు" అని మారుతుంది. పరీక్షలో అట్లా రాయండి. బస్సులో "ఈజంటిట్" అన్నా ఎవరూ దించెయ్యరు.

ఒక్క జాగ్రత్త. తెలుగులో నువ్వు, మీరు ఉన్నాయి. ఉర్దూలో తుమ్, ఆప్ ఉన్నాయి. ఇంగ్లీషులో అందరికీ ఒకటే "యు". కాబట్టి మర్యాదను ప్రశ్నలోనే పెట్టాలి. దోస్తును "వేర్ యు గోయింగ్?" అనవచ్చు. మేనేజరును, డాక్టరును అయితే "మే ఐ ఆస్క్ సర్?", "కుడ్ యు టెల్ మీ మేడమ్?" అనాలి.

ఇంగ్లీషు మనకు పరాయిదని కొందరు పెద్దలంటారు. షుగరు, కాటన్, సిరప్ - ఇవన్నీ అరబ్బీ మీదుగా యూరప్ చేరిన మాటలే. పిల్లలు భయపడే ఆల్జీబ్రా కూడా తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోని "అల్ జబ్ర్" నుంచి వచ్చిందే. మన మాటలే కోటు తొడుక్కొని తిరిగొచ్చాయి, సలాం చెప్పి లోపలికి పిలవడానికేం?

ఆడవాళ్ళకు విడిగా క్లాసు పెట్టమని కార్యదర్శిగారిని అడిగాం, సరేనన్నారు. ఆదివారం జుహర్ నమాజు తర్వాత. పలకా బలపం అక్కరలేదు. ఇంట్లో ఉన్న మందుల చీటీ ఒకటి, కరెంటు బిల్లు ఒకటి తెచ్చుకోండి. ఆ తల్లి కూడా వస్తానంది.