బరువునుబట్టి కమాను



ఎద్దుబండిలోను, జట్కాబండిలోను ప్రయాణము చేసినవారికి ఆ రెంటికి గల భేదము వీపుతోనే తెలిసి యుండును. ఎద్దుబండి చట్టము నేరుగా ఇరుసు మీదనే కూర్చుండును. కనుక బాటలోని ప్రతి రాయి తన ఉనికిని మనకు చెప్పియే పంపును. జట్కాకు ఇరుసునకు, పెట్టెకు నడుమ ఉక్కుపట్టాల కమానులు ఉండును. రాతి దెబ్బను ముందుగా కమాను తీసికొని, అందులో కొంత మాత్రమే మనకు అందించును. కమాను అనగా పారసీక భాషలో విల్లు. వంగినది తిరిగి తన రూపమునకు వచ్చుటయే విల్లు ధర్మము గనుక ఆ పేరు సార్థకమే. 1804లో ఇంగ్లండు దేశపు బండ్ల శిల్పి ఒబడయా ఎలియట్ రెండు విల్లులను ఎదురెదురుగా కూర్చిన అండాకారపు కమానునకు పేటెంటు పొందెను. నేటి పికప్ వాహనముల వెనుక ఇరుసు మీద ఉండు కమాన్ కట్టలు ఆ వంశమునకు చెందినవే.

ఈనాటి నా ప్రసంగ విషయము ఆ పికప్ వాహనములే. నేటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన కర్మాగారమున తయారైన ఇసుజు డి-మాక్స్ వి-క్రాస్, 2022లో మన దేశమున విక్రయమునకు వచ్చిన టయోటా హైలక్స్ ఈ జాతివి. వీనికి ముందు చక్రముల వద్ద చుట్టల స్ప్రింగులు, వెనుక ఇరుసు మీద కమాన్ కట్టలు ఉండును. ఈ బండ్లను కొన్నవారు పొలముగట్ల మీదను, మారేడుమిల్లి, నల్లమల ప్రాంతముల ఎగుడుదిగుడు బాటలలోను నడుపుచున్నారు. ముందు ఇనుప బంపరు, వెనుక సామానుల పెట్టె, పైన గుడారము అమర్చుకొనుచున్నారు. ఆపైన కంపెనీవారు ఇచ్చిన స్ప్రింగులను, షాకులను తీసివేసి, బజారులో దొరకు బలమైన వానిని బిగించుకొనుచున్నారు.

ఇది తప్పని నేను చెప్పబోవుట లేదు. కాని దుకాణమునకు పోయినవారు సామాన్యముగా మొదట అడుగు ప్రశ్న, “బండి ఎన్ని అంగుళములు లేచును?” అనునది. మొదట అడుగవలసినది అది కాదు. “నా బండి ఎంత బరువును, సంవత్సరములో ఎన్ని దినములు మోయును?” అని అడుగవలెను. ఈ భేదము చిన్నదిగా కనిపించును గాని, బండిలో కూర్చుండువారి క్షేమము దానిమీదనే ఆధారపడి ఉన్నది.

స్ప్రింగు పని బరువును మోయుట. ఎంత బరువు పెట్టిన అంతకు తగినట్లు అది కుంగును. ఈ సూత్రమును రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు 1678లో ప్రకటించెను. ఒక ఉదాహరణము చెప్పెదను. వెనుక కమాను ఒక్కొక్కటి 5 కిలోలకు ఒక మిల్లీమీటరు చొప్పున కుంగుననుకొనుడు. ఇరుసు మీద 300 కిలోల బరువు పడినచో ఒక్కొక్క కమాను వంతునకు 150 కిలోలు వచ్చును. అప్పుడు బండి వెనుక భాగము 30 మిల్లీమీటర్లు దిగును. ఏడున్నర కిలోలకు ఒక మిల్లీమీటరు కుంగు బిరుసు కమానులను వేసినచో 20 మిల్లీమీటర్లే దిగును. బరువు మోయునప్పుడు ఇది మేలే. ఆ బరువు దింపివేసిన పిమ్మట ఏమగును? బిరుసు కమాను చిన్న గతుకునకు వంగదు. ఇరుసు ఎగిరిపడును. టైరు నేలను క్షణక్షణము విడుచును. నేలను విడిచిన టైరు బ్రేకును వినదు, మలుపును వినదు. వానకు తడిసిన ఘాటు మలుపులో ఖాళీ పికప్ వెనుక భాగము ప్రక్కకు జారుటకు ఇదియొక కారణము.

ఒక రైతు కుటుంబమును తలచుకొనుడు. కోతల కాలమున పది దినములు బండి నిండ బస్తాలు వేయుదురు. తక్కిన 355 దినములు అదే బండిలో పిల్లలు బడికి, పెద్దలు వైద్యశాలకు పోవుదురు. ఆ పది దినములకై అన్నిటికంటె బిరుసైన కమానులను ఎన్నుకొనుట 355 దినములకు ప్రమాదమును కొని తెచ్చుకొనుటయే. ఇట్టివారికి అడుగున దళసరి పట్టా గల కమాన్ కట్ట తగినది. ఆ పట్టా మామూలు వేళలందు ఊరకుండును. బరువు పడి పై పట్టాలు వంగినప్పుడు మాత్రమే దానికి ఆని, తానును భారము పంచుకొనును. ఎల్లప్పుడు ఇనుప బంపరు, పెట్టె, పనిముట్లు మోయు బండికి మాత్రము బలమైన స్ప్రింగే అవసరము. స్ప్రింగుల తయారీదారులు తరచుగా ఒకే బండికి రెండు మూడు తరగతులు చేయుదురు. తరగతిని నిర్ణయించునది ఎప్పుడును దింపని అదనపు బరువు. దానిని ఊహించి చెప్పకుడు. ధర్మకాటా వద్దకు పోయి ముందు చక్రములను మాత్రము నిలిపి ఒకసారి, వెనుక చక్రములను మాత్రము నిలిపి ఒకసారి తూపించుడు. ఆ రెండు అంకెలు చేతబట్టుకొని దుకాణమునకు పొండు.

ఇక షాకు సంగతి. షాకు బరువును మోయదు. దాని పని ఊపును అణచుట. షాకు లేని స్ప్రింగు ఒక గతుకు దాటిన తరువాత చాలసేపు పైకి క్రిందికి ఊగుచునే ఉండును. షాకులోని ముషలకము చమురును సన్నని రంధ్రముల గుండ నెట్టి, ఆ ఊపును వేడిమిగా మార్చును. అలలవంటి గతుకులతో సాగు కంకర బాట మీద మైళ్ల కొలది పోయినచో చమురు కాగి, గాలితో కలిసి నురుగు కట్టును. నురుగునకు నిరోధశక్తి తక్కువ. షాకు పగులకపోయినను పని మానివేయును. ఇందుకు విరుగుడుగా 1950ల దశకమున ఫ్రాన్సు దేశీయుడు క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్ అధిక పీడనము గల వాయువుతో చమురును అణచి ఉంచు షాకును రూపొందించెను. నేడు బయట దొరకు మేలైన షాకులలో పెక్కింటికి ఆ సూత్రమే ఆధారము. బిరుసు స్ప్రింగు తిరిగి లేచునప్పుడు ఎక్కువ బలముతో లేచును. పాత షాకు దానిని పట్టలేదు. కావున రెంటిని ఒకదానికొకటి తగినవిగా చూచి మార్చవలెను.

ఎత్తును గురించియు చెప్పవలెను. స్ప్రింగు ఎత్తు పెంచినచో బండి చట్టము లేచును. గట్టులెక్కునప్పుడు ముందు అంచు, వెనుక అంచు నేలకు తగులవు. కాని వెనుక ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్ గుండు వెంట్రుకవాసియైనను లేవదు. ఇరుసు చక్రములతో ఉన్నది గాని చట్టముతో లేదు గదా! దానిని లేపునది పెద్ద టైరొక్కటే. అదియు టైరు వ్యాసము పెరిగినదానిలో సగమే. మరొక ప్రక్క బండి బరువుకేంద్రము పైకి పోవును. మలుపులలో ఒరుగుట ఎక్కువగును. ముందు చక్రములకు శక్తినిచ్చు ఇరుసుకీళ్ల వంపు పెరిగి అవి త్వరగా అరుగును. చక్రముల కోణములు మారి స్టీరింగు నిలకడ తప్పును. ఈ కారణములచేత సాధారణముగా నాలుగైదు సెంటీమీటర్లకు మించి ఎత్తకుండుట మంచిది. స్ప్రింగు మార్చక దాని పైన ఇనుప బిళ్ల వేసి ఎత్తు చేయుట చవుక పద్ధతి. ఈ బండ్లలో ముందు స్ప్రింగు చక్రమునకు లోపలి వైపున ఉండుటచేత ఒక సెంటీమీటరు బిళ్ల చక్రము వద్ద ఇంచుమించు రెండు సెంటీమీటర్లగును. ఆ లెక్క తెలియక వేసినవారు తలచినదానికి రెట్టింపు ఎత్తు పొందుదురు.

బిగింపు విషయమున నాలుగు జాగ్రత్తలు చెప్పెదను.

మొదటిది ప్రాణమునకు సంబంధించినది. బండిని జాకీ మీద మాత్రమే నిలిపి క్రిందికి దూరరాదు. గట్టి నేల మీద చట్టము క్రింద ఇనుప స్టాండ్లు పెట్టవలెను. ముందు స్ప్రింగు షాకుతో కూడ బయటకు వచ్చును. దాని పై నట్టును స్ప్రింగును అణచు పనిముట్టు లేక ఎన్నడును విప్పరాదు. మిల్లీమీటరునకు పది కిలోల చొప్పున అణగు స్ప్రింగు 15 సెంటీమీటర్లు అణగియున్నచో, 75 కిలోల మనిషి ఒకటిన్నర మీటరు ఎత్తునుండి పడినంత శక్తి అందులో దాగి ఉండును. అది విడుదలయగుటకు క్షణము పట్టదు.

రెండవది రబ్బరు బుష్షులను గూర్చినది. బండిని పైకెత్తి చక్రములు వ్రేలాడుచున్నప్పుడే బుష్షుల బోల్టులను పూర్తిగా బిగించుట పెక్కుచోట్ల జరుగు పొరపాటు. బండిని దించగనే రబ్బరు మెలిపడును. అది ఎల్లప్పుడు ఆ మెలికతోనే ఉండి కొద్ది నెలలలో చిరుగును. మొదట వదులుగా పెట్టి, చక్రములు నేలను ఆని బండి తన సహజమైన ఎత్తునకు వచ్చిన తరువాత నిర్ణీత బిగువునకు బిగించవలెను.

మూడవది యూ బోల్టులు. కమాన్ కట్టను ఇరుసునకు పట్టియుంచునవి అవే. ఒకసారి బిగియించి సాగినవానిని మరల వాడక క్రొత్తవి వేయుడు. కట్ట నడుమనున్న సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో కూర్చున్నదో లేదో చూడుడు. కొన్ని వందల కిలోమీటర్లు నడిచిన పిమ్మట మరల బిగువు పరీక్షింపుడు.

నాలుగవది బ్రేకులు. చక్రమును పూర్తిగా క్రిందికి వ్రేలాడనిచ్చి, ముందు చక్రములను రెండు ప్రక్కలకు త్రిప్పి, బ్రేకు గొట్టములు, ఏబీఎస్ తీగలు లాగబడుచున్నవేమో చూడవలెను. కొన్ని పికప్పులలో వెనుక ఇరుసునకును చట్టమునకును నడుమ ఒక చిన్న కడ్డీ, వాల్వు ఉండును. చట్టము ఇరుసునకు దగ్గరగా ఉన్నచో బండిలో బరువున్నదని, దూరముగా ఉన్నచో ఖాళీ అని అది గ్రహించి వెనుక బ్రేకుల బలమును నిర్ణయించును. బండి ఎత్తు పెంచి దానిని సవరింపనిచో, నిండు బరువుతో పోవుచున్నను అది ఖాళీ బండి అనియే భ్రమించి బ్రేకును తగ్గించును. ఇక పని ముగిసిన వెంటనే చక్రముల అలైన్‌మెంటు చేయించి, ఎదుటివారి కన్నులలో పడకుండ హెడ్‌లైట్లను దించవలెను.

విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వంపు పోయిన పట్టాలకు తిరిగి వంపునిచ్చు నేర్పరులున్నారు. వారి చేతిపని గొప్పదే. అయినను కాల్చి వంచిన ఉక్కునకు మరల సరియైన పదును పట్టింపనిచో అది త్వరలోనే కుంగును, లేదా విరుగును. విరిగిన పట్టాకు అతుకు వేయించుకొనుట మాత్రము ఎన్నడును తగదు.

చివరగా చట్టము. బలమైన స్ప్రింగులు వేసినంత మాత్రమున రిజిస్ట్రేషను పత్రములోని బరువు పరిమితి పెరుగదు. ఇరుసు, బ్రేకులు, టైర్లు, చట్రము అవియే గదా! 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్పరాదని చెప్పుచున్నది. 2019లో సుప్రీంకోర్టు తన తీర్పులో దీనిని స్పష్టపరచెను. కావున పనికి పూనుకొనుటకు ముందే రవాణాశాఖ కార్యాలయమునందును, బీమా సంస్థయందును విచారించుట వివేకము. ప్రమాదము జరిగిన తరువాత వచ్చు ప్రశ్నలకు ముందుగానే సమాధానము సిద్ధముగా నుండవలెను.

ఇంటిలో ఇట్టి బండి ఉన్నవారు క్రొత్త స్ప్రింగులు వేయించిన తరువాత దానిని రెండు విధములుగా నడిపి చూడుడు. ఒకసారి ఖాళీగా, ఒకసారి మామూలు బరువుతో, తెలిసిన బాట మీద మెల్లగా నడుపుడు. ఖాళీ బండి గతుకు మీద గంతులు వేయుచున్నచో స్ప్రింగు మీ అవసరమునకు మించినదని తెలిసికొనుడు. గతుకు దాటిన తరువాత రెండు మూడు సార్లు ఊగినచో షాకు చాలలేదని తెలిసికొనుడు. వెనుక సీటులో కూర్చున్న ముసలితల్లిని కూడ అడుగుడు. ఆమెకు స్ప్రింగుల లెక్క తెలియకపోవచ్చును గాని, బండి నేలను పట్టుకొని పోవుచున్నదో, విడిచి పోవుచున్నదో మనకంటె ముందు ఆమె నడుమునకు తెలియును.