సర్వరు మార్చిన పిమ్మట



చిక్కపేటలో అంగడి పెట్టి, వెబ్‌సైటు మూలముగ గూడ వ్యాపారము సాగించువారు మీలో కలరని మేమెఱుగుదుము. సర్వరు మార్చినపుడు కొందఱికి క్రొత్త సైటును, కొందఱికి పాతదియు కనబడును. తఱచు దోషము సైటునందు ఉండదు. పేరునుబట్టి అంకెల చిరునామా తెలుపు డి.ఎన్.ఎస్. పద్ధతిని 1983లో పాల్ మోకపెట్రిస్ రూపొందించెను. ఆ చిరునామాను నడిమి యంత్రములు గడువు తీరువఱకు గుర్తుంచుకొనును. గడువు 86,400 సెకండ్లయినచో ఒక దినమంతయు పాతచోటికే పంపుచుండును. కావున మార్పునకు రెండు దినములు ముందే దానిని 300కు తగ్గింపుడు. పాత సర్వరును ఒక వారము ఉంచుడు. ఆ అద్దె దండుగ యని మేమనుకొనము. అందు పడిన ఆర్డర్లను వెదకి తీసికొనుడు.

ఈమెయిలు మాట మఱవకుడు. ఉత్తరములకు దారి చూపు ఎం.ఎక్స్. నమోదు తప్పినచో సైటు చక్కగనే కనబడును, ఉత్తరములు మాత్రము రావు. కొనువాడు బదులు లేక వేఱొక అంగడికి పోవును. మనకు తెలియనే తెలియదు.