వాన నీరు గుమ్మం దాటిన తరువాత



వేసవి ఎండలకు బీటలు వారిన నేల మీద తొలకరి జల్లు పడితే మనసుకు ఎంత హాయిగా ఉంటుందో నేను వేరే చెప్పనక్కరలేదు. మన కొండ ప్రాంతంలో జూన్ నెల సగానికల్లా వాన పట్టుకుంటుంది. రైతు నాగలి సరిచూసుకుంటాడు. వ్యాపారస్తుడు సరుకు తడవకుండా పట్టా కప్పుకుంటాడు. ఈవేళ నేను కొట్లు, మెకానిక్ షెడ్లు, హోటళ్లు, రైసు మిల్లులు నడుపుకొనే మీ అందరినీ ఒక్క ప్రశ్న అడగదలచుకున్నాను. మీ ఆవరణలో పడిన వాన నీరు గుమ్మం దాటిన తరువాత ఎక్కడికి పోతోంది?

కాలువలోకి పోతోందని అంటారు. నిజమే. మరి ఆ కాలువ ఎక్కడికి పోతోంది?

మన పట్టణాలలో వీధి పక్క కాలువలో పారే వాన నీటిని మామూలుగా ఎవరూ శుద్ధి చేయరు. అది పల్లం చూసుకొని దగ్గరలో ఉన్న గెడ్డలోకి దిగుతుంది. గెడ్డ వెళ్లి నదిలో కలుస్తుంది. రాయగడ వైపు నాగావళి, నారాయణపట్నం వైపు జంఝావతి, గుణుపురం వైపు వంశధార, జయపురం వైపు కొళాబు. ఈ నదులేవీ మన జిల్లాలో ఆగిపోవు. జంఝావతిని కలుపుకొని నాగావళి తోటపల్లి బ్యారేజి దగ్గర పొలాలకు నీరిచ్చి, శ్రీకాకుళం పట్టణం మధ్యగా సాగి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. వంశధార కళింగపట్నం చేరుతుంది. కొళాబు శబరి అనే పేరుతో కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది.

మనలో చాలామందికి పార్వతీపురంలో మేనమామలున్నారు, పాలకొండలో వియ్యంకులున్నారు. వాళ్ల ఊరి పొలానికి వెళ్లే నీటిలో మన కొట్టు ముందు నీళ్లు కూడా ఉన్నాయి. ఇంకా దగ్గర చూస్తే, మన ఊరి కిందుగా ఉన్న పల్లెలో ఆడవాళ్లు గెడ్డ ఇసుకలో చెలమ తీసి నీళ్లు తోడుకుంటారు. అక్కడే పిల్లలు స్నానం చేస్తారు, పశువులు తాగుతాయి. వాళ్లకు మన కొట్టు పేరు కూడా తెలియదు. అయినా మనం వదిలిన నీళ్లు వాళ్ల బిందెలోకి చేరుతున్నాయి.

వాన నీరు పడేటప్పుడు శుభ్రమైనదే. నేల మీద ఏముంటే దాన్ని మోసుకుపోవడం దాని గుణం. ఒక చిన్న లెక్క చూడండి. వెయ్యి చదరపు అడుగుల ఆవరణ మీద ఒక్క అంగుళం వాన పడితే సుమారు 2,300 లీటర్ల నీరు అవుతుంది. అంత నీటితో మీ ఆవరణను కడిగి, ఆ కడుగు నీళ్లను గెడ్డలో పోసినట్లే. అందులోనూ తొలి వాన మరీ చెడ్డది. నాలుగు నెలల ఎండాకాలంలో పేరుకున్నదంతా ఆ మొదటి అరగంటలోనే కొట్టుకుపోతుంది. అప్పటికి గెడ్డలో నీరు కూడా తక్కువే. కనుక విషం పాలు ఎక్కువ.

"పెద్ద ఫ్యాక్టరీలను వదిలేసి మా చిన్న కొట్ల మీద పడ్డారేమిటి?" అని మీలో కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పెద్ద ఫ్యాక్టరీలను తప్పకుండా అడగవలసిందే. అయితే ఫ్యాక్టరీకి ఒక గొట్టం ఉంటుంది, దానికి అనుమతి పత్రం ఉంటుంది, కాలుష్య నియంత్రణ మండలి వారు వచ్చి ఆ గొట్టం దగ్గర నీరు పట్టి పరీక్ష చేయగలరు. వందల కొట్ల ముందు నుంచి పారే వాన నీటికి గొట్టమూ లేదు, గేటూ లేదు. దానికి కాపలా మనమే. అమెరికాలో కూడా 1972లో నీటి చట్టం తెచ్చి ఫ్యాక్టరీ గొట్టాల మీద దృష్టి పెట్టారు. వాన నీటితో పోయే మురికి సంగతి అలాగే మిగిలిపోతే, 1987లో చట్టాన్ని సవరించి దానికి కూడా నియమాలు పెట్టవలసి వచ్చింది.

ఇక మనం ఏం చేయాలి? ఖర్చు పెద్దగా లేని పనులే చెబుతాను.

మెకానిక్ షెడ్డు నడిపే అన్నదమ్ములు ముందుగా వినాలి. ఇంజను నుంచి దించిన పాత ఆయిలులో అరిగిన లోహపు పొడి, మాడిన రసాయనాలు ఉంటాయి. అది నీటి మీద తెట్టులా పరచుకొని గాలి తగలనివ్వదు. దాన్ని మూత ఉన్న డ్రమ్ములో పోసి, కప్పు కింద ఉంచండి. దుమ్ము లేవకుండా రోడ్డు మీద చల్లడం మానండి. అనుమతి ఉన్న కొనుగోలుదారుకే అమ్మండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు చెప్పేది కూడా ఇదే. నేల మీద ఆయిలు ఒలికితే నీళ్లు కొట్టకండి. వరి ఊకో, రంపపు పొట్టో చల్లి, పీల్చుకున్న తరువాత ఊడ్చి వేరే డబ్బాలో వేయండి. పాత బ్యాటరీలో సీసం, ఆసిడ్ ఉంటాయి. దాన్ని ఆరుబయట పగలగొట్టకుండా అమ్మిన డీలరుకే తిరిగి ఇవ్వండి.

హోటలు వారు పెనం, మూకుడు కడగబోయే ముందు జిడ్డును పాత కాగితంతో తుడిచేయండి. మిగిలిన అన్నం, కూర కుడితి తొట్టికి చేరితే పశువు తింటుంది. అదే గెడ్డలో కుళ్లితే నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఉప్పుడు బియ్యం చేసే మిల్లుల్లో వడ్లు నానబెట్టిన నీళ్లతో జరిగేది కూడా ఇదే. ఆ నీటిని నేరుగా వదలకుండా తొట్టిలో తేర్చి, శుద్ధి చేసిన మీదటే బయటకు పంపాలి. ఊక బూడిద కుప్ప మీద కప్పు వేసి, చుట్టూ చిన్న గట్టు కట్టండి.

ఎరువులు అమ్మేవారి దగ్గర బస్తా చిరిగి యూరియా ఒలకడం మామూలే. అది వాన నీటిలో కలిసి చెరువుకు చేరితే పాచికీ, గుర్రపు డెక్కకీ బలం. ఎత్తి సంచిలో పోస్తే పొలానికి బలం. పురుగుమందు డబ్బా కారుతుంటే దాన్ని విడిగా తీసి భద్రం చేయండి. మాంసం కొట్ల వారు నెత్తురు, ఈకలు కాలువలోకి తొయ్యకండి. నూతికీ గెడ్డకీ దూరంగా గొయ్యి తీసి పూడ్చండి.

వీటన్నిటిలోనూ గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే: చీపురు ముందు, నీళ్లు తరువాత. ఊడ్చి ఎత్తినది మన చేతిలో ఉంటుంది. కడిగి వదిలినది ఎవరో ఒకరి బిందెలో ఉంటుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం ప్రకారం తెలిసి తెలిసి విషపదార్థాన్ని ఏటిలోకి గానీ, నూతిలోకి గానీ, మురుగు కాలువలోకి గానీ, నేల మీదకు గానీ వదలడం నిషిద్ధం. కానీ చట్టం భయం కంటే ఇరుగుపొరుగు మాట ఎక్కువ పని చేస్తుంది. ఒక వీధిలో పది కొట్ల వారు కలిస్తే వారానికోసారి కాలువలో పూడిక తీయించవచ్చు. పాత ఆయిలును ఒకే చోట పోగు చేసి అమ్మవచ్చు. కొన్ని దేశాలలో వీధి కాలువల మూతల మీద ఆ నీరు ఏ నదికి పోతుందో రాసి ఉంచుతారు. మనం కూడా మన కాలువ గట్టు మీద ఒడియాలోనూ తెలుగులోనూ ఒక్క ముక్క రాయిద్దాం: ఈ నీరు నాగావళికి పోతుంది. అది చదివిన కుర్రవాడు చేతిలో ఉన్న ఆయిలు డబ్బాను వంచే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఆగడమే మనకు కావాలి.

2017 జూలైలో కల్యాణి నది ఒక్కసారిగా పొంగి తెరువలి దగ్గర రైలు వంతెనను కొట్టుకుపోవడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వానను మనం ఆపలేం. అది ఏం మోసుకుపోవాలో మాత్రం మన చేతిలో ఉంది. ఈసారి మబ్బు పట్టే లోపు ఒక్క పూట కేటాయించి మీ ఆవరణ చుట్టూ నడిచి చూడండి. తొలి చినుకు పడినప్పుడు మీ గుమ్మం దాటే నీరు దిగువన ఉన్న తల్లి నిశ్చింతగా బిందె ముంచుకోదగిన నీరై ఉండాలి.