మధుమేహము – మన కర్తవ్యము
(కోడేరు మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు సెలవిచ్చియున్నారు. మేము మధుమేహమును గూర్చి విన్నవించుకొందుము. సుశ్రుతుని కాలమునాటికే మనవా రెఱిగిన వ్యాధి యిది. 1921లో టొరాంటో నగరమందు బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులిన్‌ను కనుగొనిరి. మందు దొరకినను వ్యాధి తగ్గలేదు. భారత వైద్య పరిశోధన మండలివారి పరిశీలన 2023లో వెలువడెను; దాని ప్రకారము మన దేశమున 10 కోట్లకు పైబడినవారి కీ వ్యాధి కలదు.

రెండవ రకపు మధుమేహము మొదట బాధింపదు, అందుచేతనే మోసగించును. ఏండ్ల తరబడి రక్తమున చక్కెర హెచ్చియుండుటచే రక్తనాళములును, నాడులును చెడును. చూపు మందగించును, మూత్రపిండములు పనిచేయక యంత్రముచే రక్తశుద్ధి చేయించుకొనవలసివచ్చును, గుండెపోటు, పక్షవాతము సంభవించును. పాదములకు స్పర్శ తప్పును. మన రైతు వట్టికాళ్లతో చేనికి బోయి, ముల్లు గ్రుచ్చుకొన్నను ఎఱుగడు. పుండు ముదిరి తుదకు కాలే తీసివేయవలసివచ్చును.

పిల్లల సంబంధములు చెడునని రోగమును దాచుటయు, కొంత నెమ్మదింపగనే మందు మానుటయు మన యిండ్లలో కలదు. దాచిన రోగము దాగదు; ఇంటినే ముంచును.

కావున 30 ఏండ్లు నిండినవారెల్లరు రక్తపరీక్ష చేయించుకొనవలెను. రోగులు ఏటేట కన్నులను, మూత్రమును, పాదములను పరీక్షింపించుకొనవలెను. రక్తపుపోటును అదుపున నుంచుకొని, పొగాకు విడువవలెను. రాత్రివేళ పాదములను చూచుకొనవలెను. చెప్పులు లేక చేనికి పోరాదు.

దాతలగు మహాశయులు ఒక పూట విందు వ్యయమును తగ్గించి, వచ్చు మహాసభయందు పరీక్షాశిబిరము నేర్పఱుపవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాము.