సర్వర్ మారింది, మరి లైసెన్స్ సంగతేంటి?

పోయిన ఎపిసోడ్ చూసి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా వెబ్ అప్లికేషన్ పాత సర్వర్ నుంచి క్లౌడ్‌కి మార్చాలి. బ్యాకప్ తీసి రీస్టోర్ చేస్తే సరిపోతుందా?" అని. డేటాకి సరిపోతుంది తమ్ముడూ. మిగతా వాటికి సరిపోదు. ఎందుకో నాకు జరిగిందే చెప్తాను.

మన రాజమండ్రి పక్కనే కడియపులంక ఉంది కదా. అక్కడ ఒక నర్సరీ వాళ్ళకి ఆర్డర్లు, మొక్కల స్టాకు, లారీ లోడింగు, బిల్లులు అన్నీ ఒక వెబ్ అప్లికేషన్‌లోనే నడుస్తాయి. ఆరేళ్ళ క్రితం ఒక ఫ్రీలాన్స్ డెవలపర్ రాసిచ్చారు. ఏఎస్‌పీ డాట్ నెట్, ఎస్‌క్యూఎల్ సర్వర్. ఆఫీసు గదిలో ఫ్యాన్ కింద ఒక టవర్ సర్వర్, దాంట్లో విండోస్ సర్వర్ 2012 ఆర్2. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2023 అక్టోబర్‌తోనే ఆగిపోయింది. పైగా కరెంటు పోయినప్పుడల్లా గుండె దడ. క్లౌడ్‌కి మార్చెయ్ బాబూ అన్నారు ఓనరు గారు. సరేనని ఒక శనివారం రాత్రి కూర్చుని డేటాబేస్ రీస్టోర్ చేసి, డీఎన్ఎస్ మార్చి, సైట్ తెరుచుకుంటోందని చూసుకుని హాయిగా పడుకున్నాను.

పొద్దున్న ఆరింటికి ఫోన్. "బాబూ, బిల్లు మీద ఏదో ఇంగ్లీషులో అడ్డంగా పడిందండీ. పార్టీ ఇది దొంగబిల్లంటున్నాడు. లారీ నిండా మొక్కలున్నాయి, ఎండెక్కితే వాడిపోతాయండీ" అన్నారు. చూస్తే బిల్లు ప్రింట్ చేసే రిపోర్టింగ్ లైబ్రరీ ప్రతి పేజీ మీదా 'ఎవాల్యుయేషన్ కాపీ' అని ముద్ర కొడుతోంది. ఆ లైబ్రరీ లైసెన్స్ పాత మిషన్‌కి కట్టేసి ఉంది. కొత్త మిషన్‌లో దాని దృష్టిలో మనం ఊరికే ట్రై చేసి చూస్తున్నవాళ్ళం, అంతే.

అదృష్టం ఏంటంటే పాత సర్వర్‌ని నేను ఆపలేదు. డీఎన్ఎస్ వెనక్కి తిప్పేశాను. రాత్రి నుంచి కొత్త దాంట్లో పడిన పదకొండు ఆర్డర్లు చేత్తో మళ్ళీ ఎక్కించాను. లారీ ఎనిమిదిన్నరకి కదిలింది. తప్పు నాదే అండి. పాస్‌వర్డ్‌లు, పోర్టులు, ఫైర్‌వాల్ అన్నీ లిస్టు రాసుకున్నాను గానీ లైసెన్స్ అనే గడే ఆ లిస్టులో లేదు.

అప్పుడు కూర్చుని ఒక్కొక్కటీ తవ్వడం మొదలుపెట్టాను. ముందు విండోస్. ఆ టవర్‌తో పాటు వచ్చింది ఓఈఎం లైసెన్స్. అది ఆ పెట్టెతోనే పుడుతుంది, ఆ పెట్టెతోనే పోతుంది. క్లౌడ్‌లో మామూలుగా తీసుకునే విండోస్ మిషన్‌కి లైసెన్స్ ఖర్చు గంట అద్దెలోనే కలిసి ఉంటుంది కాబట్టి అక్కడ పెద్ద గొడవ లేదు.

అసలు షాక్ డేటాబేస్ దగ్గర తగిలింది. ఎడిషన్ ఏంటని క్వెరీ కొడితే 'డెవలపర్ ఎడిషన్' అని వచ్చింది. ఇది చాలామందికి తెలియదండి, జాగ్రత్తగా వినండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ డెవలపర్ ఎడిషన్ 2016 నుంచి ఫ్రీ. ఎంటర్‌ప్రైజ్‌లో ఉండే ఫీచర్లన్నీ దాంట్లో ఉంటాయి. కానీ రాసుకోవడానికి, టెస్ట్ చేసుకోవడానికి మాత్రమే. నిజం వ్యాపారం దాని మీద నడపకూడదు. ఇన్‌స్టాల్ చేస్తుంటే ఎవరూ ఆపరు, ఏ ముద్రా పడదు. అందుకే ఆరేళ్ళు నిశ్శబ్దంగా నడిచింది.

ఓనరు గారికి చెప్తే ముఖం మాడిపోయింది. "అప్పుడే డబ్బులిచ్చేశాం కదండీ, మళ్ళీ ఇదేంటండీ?" అన్నారు. ఆయన ఇచ్చింది రాసినాయనకి, మైక్రోసాఫ్ట్‌కి కాదు. నేను లాయర్‌ని కాదు గానీ, మన కాపీరైట్ చట్టం 1957లో 63బి అని ఒక సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ వరకు జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా రాసి ఉన్నాయి. ఫ్రీగా దిగిన ఎడిషన్‌ని రూలు తప్పి వాడితే ఇదే సెక్షన్ వర్తిస్తుందా లేదా అన్నది లాయర్లు తేల్చాలి. కానీ 'తెలిసీ' అనే మాట చూశారా? నిన్నటిదాకా ఆయనకి తెలియదు. ఇవాళ నేను చెప్పాను కాబట్టి తెలుసు. ఇంక అలా వదిలేయడానికి నాకు మనసొప్పలేదు.

స్టాండర్డ్ ఎడిషన్ కొందామంటే కోర్ల లెక్క. మీరు రెండు కోర్ల చిన్న వీఎం తీసుకున్నా కనీసం నాలుగు కోర్లకి లైసెన్స్ కట్టాలి. పోనీ సర్వర్ ప్లస్ క్యాల్ పద్ధతిలో వెళ్దామంటే, వెబ్‌సైట్ అంతా ఒకే లాగిన్‌తో డేటాబేస్‌ని తడుతోంది కాబట్టి ఒక్క క్యాల్ చాలు అనుకోకండి. వెనక ఎంతమంది వాడుతున్నారో అంతమందినీ లెక్కేస్తారు. బయట జనం ఆర్డర్లు పెట్టే సైట్‌కి అది కుదిరే పని కాదు.

వాళ్ళ డేటాబేస్ సైజు చూశాను. మూడు జీబీ కూడా లేదు! ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఫ్రీ, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. 2022 వెర్షన్ వరకు ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ పరిమితి. ర్యామ్, కోర్లు కూడా కొంతవరకే వాడుతుంది. కడియంలో మొక్కల లెక్కకి అది ఎక్కువే. ఎంటర్‌ప్రైజ్ ఫీచర్లేమీ వాడలేదని చూసుకుని దాంట్లోకి దించేశాను. ఇన్నాళ్ళూ డెవలపర్ ఎడిషన్ అవసరమే లేదన్నమాట.

తర్వాత బిల్లు లైబ్రరీ. లైసెన్స్ ఆ డెవలపర్ సొంత అకౌంట్‌లో ఉంది, గడువు కూడా అయిపోయింది. బదులుగా ఐటెక్స్ట్ పెడదామనుకున్నాను, ఫ్రీ అని పేరుంది కదా. తీరా చూస్తే ఏజీపీఎల్. జీపీఎల్ సాఫ్ట్‌వేర్‌ని మన సర్వర్‌లో నడుపుకుంటే కోడ్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఏజీపీఎల్ అలా కాదు, నెట్‌వర్క్ మీద వాడేవాళ్ళ సంగతి కూడా పట్టించుకుంటుంది. మన కోడ్ మూసే ఉంచాలంటే కమర్షియల్ లైసెన్స్ కొనుక్కోమంటారు. చివరికి బిల్లుని మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీగా రాసి బ్రౌజర్‌తోనే ప్రింట్ ఇప్పించాను. మొక్కల పేర్లకి వాడిన తెలుగు ఫాంటు కూడా ఏ డీటీపీ షాపు నుంచో కాపీ కొట్టిందే. తీసేసి 'మండలి' పెట్టాను. గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో ఉంది. 'నిత్యమల్లి'లో త కింద యావత్తు మొదటిసారి సరిగ్గా పడింది, ఆయ్.

ఇవన్నీ మార్చాలంటే కోడ్ ముట్టుకోవాలి కదా. మరి ఆ కోడ్ ఎవరిది? ఇది ఎవరూ అడగరు. మన చట్టంలో ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచన కిందకే వస్తుంది. ఉద్యోగి రాస్తే మామూలుగా కంపెనీది. బయట మనిషి రాస్తే, రాతపూర్వకంగా సంతకం పెట్టి రాసిస్తే తప్ప మామూలుగా ఆయనదే. డబ్బులిచ్చినంత మాత్రాన మనదైపోదు. న్యాయంగా తీసుకున్న కాపీకి బ్యాకప్ తీసుకోవచ్చు, దేనికోసం ఇచ్చారో ఆ పనికి వాడుకోవచ్చు. ఆ పైన ఇష్టమొచ్చినట్టు మార్చి ఇంకో నర్సరీకి అమ్ముతానంటే కుదరదు.

ఆ డెవలపర్ ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నారు. రాత్రి పదిన్నరకి ఫోన్ కలిపాను, మంచి మనిషే. ఓనరు గారు కాసేపు కోపంగా మాట్లాడారు. ఆయన కూడా "బాబాయ్ గారూ, అప్పుడు మీరిచ్చిన బడ్జెట్‌లో అంతకంటే ఏం పెట్టమంటారు?" అన్నారు. అందులోనూ నిజముంది. ఆఖరికి కోడ్ హక్కులు నర్సరీకి ఇస్తున్నట్టు ఒక పేజీ మీద సంతకం పెట్టి స్కాన్ పంపారు, ఒరిజినల్ కొరియర్‌లో వచ్చింది. దానికి చిన్న మొత్తం తీసుకున్నారు. ఆ కాగితం ఇప్పుడు పొలం దస్తావేజుల బీరువాలో ఉంది.

కాబట్టి అడిగిన తమ్ముడికి: బ్యాకప్ బటన్ నొక్కే ముందు ఎడిషన్ క్వెరీ కొట్టి చూడు, లైబ్రరీల లైసెన్సులు ఎవరి ఈమెయిల్ మీద ఉన్నాయో కనుక్కో. పాత సర్వర్ మాత్రం కనీసం నెల రోజులు ఆపకు. ఓపెన్ సోర్స్ అని పెట్టుకున్నవి కూడా ఒకసారి చూడు. రెడిస్ 2024 మార్చిలో ఉన్నట్టుండి లైసెన్స్ మార్చేసింది, దాంతో వాల్కీ అని వేరు కుంపటి పెట్టారు. పాత వెర్షన్ పాత లైసెన్స్‌తోనే ఉంటుంది గానీ, కొత్త సర్వర్‌లో మనం దించేది కొత్త వెర్షన్ కదా. ఆ కథ పెద్దది, వచ్చే వారం చెప్పుకుందాం. ఉంటానండి.